బాదేపల్లి గంజ్‌లో మూగబోయిన పాట

2016 ఏప్రిల్ 14, అంబేడ్కర్ జయంతి. ఆ రోజు ఢిల్లీలో ప్రధాని నరేంద్ర మోదీ జాతీయ వ్యవసాయ మార్కెట్‌ను ప్రారంభించారు. దాని పొట్టి పేరు ఈ-నామ్. తొలినాడు ఎనిమిది రాష్ట్రాల నుంచి 21 మార్కెట్లు అందులో చేరితే అయిదు తెలంగాణవే. నిజామాబాద్, వరంగల్, హైదరాబాద్ ఎలాగూ పెద్ద మార్కెట్లు. మిగిలిన రెండు మాత్రం మన మెట్ట నేలలవి. ఒకటి అప్పటి నల్లగొండ జిల్లాలోని తిరుమలగిరి, రెండోది మహబూబ్‌నగర్ జిల్లా జడ్చర్లను ఆనుకుని ఉన్న బాదేపల్లి. దేశంలో ఈ-నామ్ మొదలైన చోట్లు లెక్కపెడితే వలసల మహబూబ్‌నగర్‌కు, అంటే పాలమూరుకు, కరువు నల్లగొండకు మొదటి వరుసలో పీట దొరికింది. ఆ పీట మీద కూర్చోబెట్టిన రైతు తర్వాత ఏమయ్యాడన్నదే ఈ గాథ.

పాలమూరు చెలకల్లో యాసంగి పల్లి పండించడం అంటే ఏమిటో ముందు చెప్పుకోవాలి. వానాకాలం ముగిసే వేళ బోరు కింద విత్తనం పడుతుంది. విత్తనపు కాయ ధర చూస్తేనే సగం ధైర్యం పోతుంది. ఆపైన జిప్సం, కలుపు కూలీలు, రాత్రి కరెంటు కోసం జాగారం. నల్లమల అంచున అచ్చంపేట, అమ్రాబాద్ వైపు అయితే అడవి పందుల భయం వేరే. కాయ ఊరే దశలో ఒక్క రాత్రి కాపలా తప్పితే తెల్లారేసరికి మడి మడే దున్నినట్టయిపోతుంది. సంక్రాంతి దాటాక మొదలుపెట్టి శివరాత్రి దాకా చెట్లు పీకుతారు, కాయ తెంపుతారు, ఎండబోస్తారు. తెంపే కూలీలకు రోజుకూలి కట్టాలి, సంచులు కొనాలి, ట్రాలీ కిరాయి ఇవ్వాలి. ఇవన్నీ చెల్లించాకే పంట గంజ్ (మార్కెట్ యార్డు) గేటు చేరుతుంది. గేటు ముందు నిలబడ్డ రైతు చేతిలో డబ్బు ఉండదు, అమ్మకుండా వెనక్కి తీసుకుపోయే శక్తీ ఉండదు. వేలం అనే మాటకు అర్థం ఇక్కడి నుంచే తెలుసుకోవాలి. కొనేవాడికి రేపు ఉంది, అమ్మేవాడికి ఇవాళే ఉంది. "అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి" అన్న సామెత ఈ గేటు దగ్గర సామెతలా వినిపించదు, ఉన్న సంగతి చెప్పినట్టే ఉంటుంది.

ఈ-నామ్ రాకముందు వేలం పాట నోటితో సాగేది. పొద్దున ఖరీదుదారులు గుంపుగా కుప్పల మధ్య నడిచేవాళ్లు, మార్కెట్ గుమస్తా పుస్తకం పట్టుకుని వెంట ఉండేవాడు. కుప్ప దగ్గర ఆగేవాళ్లు. లోపలికి చేయి దూర్చి గుప్పెడు కాయ పైకి తీసి, నాలుగు పగలగొట్టి, గింజ నలిపి, ఒకటి నోట్లో వేసుకుని, తేమ ఎంతుందో పంటితోనే చెప్పేవాళ్లు. ఒకడు రేటు అనేవాడు, ఇంకొకడు పది పెంచేవాడు, మరొకడు ఇరవై. ఒకటోసారి, రెండోసారి, మూడోసారి. చాలా కుప్పల దగ్గర పట్టుమని రెండు నిమిషాలు కూడా పట్టేది కాదు. నెలల తరబడి చేసిన చాకిరీ ఆ రెండు నిమిషాల్లో తేలిపోయేది. రైతు పక్కనే నిలబడి వాళ్ల ముఖాలు చూసేవాడు. ఎవడు పాడుతున్నాడో, ఎవడు కావాలని పక్కకు చూస్తున్నాడో అతనికి తెలిసేది. మోసం అప్పుడూ ఉండేది. అంతకు ముందటి తరాల్లో రుమాలు కింద వేళ్లు పట్టుకుని ధర తేల్చుకునే పద్ధతి ఉండేది. పశువుల అంగళ్లలో ఆ అలవాటు చాలాకాలం నిలిచింది. గుడ్డ కింద రెండు చేతులు ఏం మాట్లాడుకున్నాయో సొత్తు గలవాడికే తెలిసేది కాదు.

ఆ చీకటిని తొలగించాలని ప్రభుత్వాలు చేసిన ప్రయత్నాలు పాతవే. నిజాం కాలంలోనే, 1930లో, హైదరాబాద్ రాజ్యంలో వ్యవసాయ మార్కెట్ల చట్టం వచ్చింది. తర్వాత 1966లో ఆంధ్రప్రదేశ్ మార్కెట్ల చట్టం. యార్డులు కట్టారు, లైసెన్సులు పెట్టారు, కాంటాలకు ముద్రలు వేశారు, తక్‌పట్టీ అనే అమ్మకం చీటీ రాసివ్వాలన్నారు. ప్రతి చట్టం ఒక దొంగదారి మూసింది. అయినా కొనేవాళ్లు కొద్దిమందే కావడం, వాళ్లంతా ఒకరికొకరు తెలిసినవాళ్లే కావడం అనే అసలు సమస్యను ఏ చట్టమూ ముట్టుకోలేకపోయింది. ఈ-నామ్ ముట్టుకుంటానన్నది దాన్నే. అందుకే ఆ రోజు దాని మీద ఆశ పెట్టుకున్నవాళ్లను నేను తప్పుపట్టను. నేనూ ఆ ఆశలోనే ఉన్నాను.

కాగితం మీద ఆ పద్ధతి నిజంగా అందమైనది. ట్రాలీ గేటు దగ్గరికి రాగానే రైతు పేరు, ఊరు, ఫోన్ నంబరు, బ్యాంకు ఖాతా కంప్యూటర్‌లోకి ఎక్కుతాయి. సరుకుకు ఒక లాటు నంబరు పడుతుంది. నమూనా తీసి తేమ, చెత్త, గింజ బరువు పరీక్ష చేస్తారు. ఆ ఫలితం తెరమీదికి వస్తుంది. లైసెన్సు ఉన్న ఖరీదుదారులు తమ కంప్యూటర్ నుంచో ఫోన్ నుంచో ఆ లాటుకు ధర పెడతారు. గడువు ముగిసేదాకా ఎవరు ఎంత పెట్టిందీ ఇంకొకరికి కనబడదు. ముగియగానే అందరికన్నా ఎక్కువ పెట్టినవాడి పేరు బయటికొస్తుంది, రైతు ఫోన్‌కు సందేశం పోతుంది. నచ్చకపోతే ఆ ధరను కాదనే హక్కు రైతుకుంది. ఒప్పుకుంటే ఎలక్ట్రానిక్ కాంటా, బిల్లు, నేరుగా ఖాతాలోకి డబ్బు. దేశమంతా వాడిన ఈ సాఫ్ట్‌వేర్‌ను తయారుచేసే బాధ్యత తీసుకున్నది హైదరాబాద్‌కు చెందిన నాగార్జున ఫెర్టిలైజర్స్ అండ్ కెమికల్స్. పల్లి పండేదీ మన దగ్గరే, పాట పాడించే యంత్రం పుట్టిందీ మన దగ్గరే. నిర్వహణ కేంద్రంలోని చిన్న రైతుల వ్యవసాయ వ్యాపార కన్సార్షియంది. చేరే రాష్ట్రాలకు మూడు షరతులు పెట్టారు: రాష్ట్రమంతటికీ చెల్లే ఒకే లైసెన్సు, ఒక్కచోటే మార్కెట్ ఫీజు, ఎలక్ట్రానిక్ వేలానికి చట్టంలో చోటు. ఈ మూడింటి వెనక ఉన్న ఆలోచన ఒక్కటే. బాదేపల్లి కుప్పకు బాదేపల్లి సేటు ఒక్కడే కాదు, కర్నూలు మిల్లు యజమాని, రాయచూరు వ్యాపారి, గుజరాత్ నూనె కంపెనీ కూడా పాడాలి. పాడేవాళ్లు నలుగురి నుంచి నలభైమంది అయితే కుమ్మక్కు దానంతట అదే చెదిరిపోతుంది.

తొలి ఏడాది మంచి వార్తలే వచ్చాయి. పసుపు వేలాన్ని ఈ-నామ్‌లోకి తెచ్చినందుకు నిజామాబాద్ జిల్లాకు 2017 ఏప్రిల్‌లో సివిల్ సర్వీసెస్ దినోత్సవాన ప్రధాని పురస్కారం దక్కింది. ఒక్కో మార్కెట్‌కు యంత్రాల కోసం కేంద్రం ఇచ్చే 30 లక్షల రూపాయలు ఆ ఏడాది బడ్జెట్‌లో 75 లక్షలయ్యాయి. 2018 మార్చి నాటికి 585 మార్కెట్లు, 2020 మే నాటికి వెయ్యి, ఆ తర్వాత 1,300 దాటాయి. గుణింతం పెరిగినట్టు మార్కెట్ల లెక్క పెరిగింది. ఒక కుప్పకు పాడేవాళ్ల లెక్క మాత్రం అలా పెరగలేదు.

పతనం ఇక్కడే మొదలైంది. అది ఒక్కనాడు కూలిన గోడ కాదు, ఫలానా తేదీ అని చూపించలేం.

తెర మీద ధర దాచగలిగారు గానీ మనుషుల్ని దాచలేకపోయారు. పొద్దున ఒకే హోటల్లో చాయ్ తాగి వచ్చినవాళ్లే పది గంటలకు ఎవరి ఫోన్ వాళ్లు తీసుకుని ధర పెడతారు. దూరపు వ్యాపారి రాలేదు. రాకపోవడానికి అతనికి కారణాలున్నాయి. పల్లి అంటే చూసి కొనే సరుకు, తేమ రెండు శాతం అటూ ఇటూ అయితే లాభమంతా పోతుంది. వందలకొద్దీ కుప్పలు ఒకేసారి దిగిన పొద్దున ఒక్కో దానికి నమూనా తీసి, పరీక్ష చేసి, నమ్మకమైన అంకె ఇచ్చే ప్రయోగశాల, మనుషులు చాలా యార్డుల్లో చాలినంత లేరు. పరీక్ష మీద నమ్మకం లేనప్పుడు మూడు వందల మైళ్ల దూరాన కూర్చున్నవాడు కళ్లతో చూడని కుప్పకు ఎందుకు పాడతాడు? లారీ ఎవరు ఎక్కిస్తారు, సరుకు తేడా వస్తే ఎవరిని అడగాలి, డబ్బు ఎప్పుడు కట్టాలి, ఏ ఒక్కదానికీ అతనికి సరైన జవాబు దొరకలేదు. అందువల్ల కంప్యూటర్ ముందు మిగిలింది పాత నలుగురే. నోటి పాటలో అయితే ఒక్కడైనా పౌరుషానికి పోయి పది రూపాయలు పెంచేవాడు. జనం చూస్తున్నారన్న సిగ్గు కొంత ఉండేది. తెర మీద ఆ సిగ్గు కూడా లేదు.

కుమ్మక్కు ఎలా సాగుతుందో గంజ్‌లో హమాలీని అడిగినా చెబుతాడు. ఇవాళ ఈ వరస కుప్పలు నీవి, రేపు ఆ వరస నావి. నీ వరసకు నేను లాంఛనానికి వంద తక్కువ పెడతాను, నా వరసకు నువ్వు పెట్టు. చూసేవాళ్లకు ఇద్దరు పోటీ పడ్డట్టే ఉంటుంది. కొన్నిసార్లు ఆ లాంఛనం కూడా ఉండదు, లాటుకు ఒక్కడే పాడతాడు. చెట్టు మీద నుంచి కాయ రాలినట్టు ధర వచ్చి రైతు ఫోన్‌లో పడుతుంది. కాదనే హక్కు ఉందని చట్టం చెబుతుంది. కాదంటే మళ్లీ రేపు పాట, రాత్రి కుప్ప దగ్గర కావలి, ట్రాలీకి ఇంకో రోజు కిరాయి, మబ్బు పడితే టార్పాలిన్ కోసం పరుగు. రేపు పాడేదీ ఆ నలుగురే. ఈ హక్కును వాడుకోగలిగిన రైతు ఎలాగూ అప్పులేనివాడై ఉంటాడు. పాలమూరులో అటువంటివాడు ఎందరు?

అప్పు గురించి చెప్పకుండా ఈ గాథ ముందుకు పోదు. విత్తనానికి, మందులకు, ఒక్కోసారి బిడ్డ పెళ్లికి కూడా చేతికి డబ్బు ఇచ్చింది అడ్తిదారు, అంటే యార్డులోని కమీషన్ ఏజెంటు. బ్యాంకు తిప్పినన్ని సార్లు తిప్పకుండా, కాగితం అడగకుండా ఇచ్చాడు. అది ఉపకారమే, కాదనను. కానీ ఆ డబ్బు తీసుకున్నాక పంట అతని దుకాణం ముందే దిగాలి. గేటు దగ్గర వివరాలు రాసేటప్పుడు రైతుది కాకుండా అడ్తిదారు ఫోన్ నంబరు ఎక్కితే, ధర సందేశం రైతుకు అసలు రాదు. వేలం అయిపోయిన గంటకు "నీ కుప్ప ఇంతకు పోయింది" అన్న మాట చెవిన పడుతుంది. ఎందరు పాడారు, రెండో ధర ఎంత, కాదనే గడువు ఎప్పటిదాకా ఉంది, ఏమీ తెలియదు. ఇక కాంటా దగ్గర ఇంకో కోత. పాడుకున్నవాడు సంచి విప్పి, "సరుకు పైన ఒకటి, లోపల ఒకటి ఉంది, ఆ రేటు ఎల్లది" అంటాడు. తెర మీద తేలిన ధర నేల మీద వంద, రెండు వందలు తగ్గుతుంది. తగ్గినది చేతిరాత చీటీలో ఉంటుంది, కంప్యూటర్‌లో ఉండదు. డబ్బు పద్దు చూస్తే ఖాతాలో పడాల్సింది సేటు గల్లాపెట్టె నుంచి, పాత బాకీ, వడ్డీ, తరుగు, హమాలీ, దడ్వాయి (తూకం వేసేవాడి) కూలి పట్టుకున్నాక చేతికి వస్తుంది. ఈ-నామ్‌లోని ప్రతి మెట్టూ మంచిదే. ప్రతి మెట్టు దగ్గరా పాత గంజ్ నిలబడి దారి మళ్లించింది.

లోకంలో అంతర్జాల వేలాల్లో మోసాలు ఎలా ఉంటాయో చూస్తే మన దగ్గర జరిగిందేమిటో ఇంకా స్పష్టమవుతుంది. 2000 మే నెలలో అమెరికాలో కెన్నెత్ వాల్టన్ అనే న్యాయవాది ఈబే అనే వేలం సైటులో ఒక బొమ్మను పావు డాలరు తొలి ధరతో పెట్టాడు. రిచర్డ్ డీబెన్‌కోర్న్ అనే పేరున్న చిత్రకారుడిది కాబోలు అని కొనేవాళ్లే అనుకునేలా ఒక సంతకం గుర్తు కనబడనిచ్చాడు. వేలం 1,35,805 డాలర్ల దాకా పోయింది. తర్వాత తేలిందేమిటంటే అతనూ అతని స్నేహితులూ మారుపేర్లతో తమ సరుకుకు తామే పాడి ధర పెంచారు. ఈబే ఆ అమ్మకాన్ని రద్దు చేసింది, వాళ్లు నేరం ఒప్పుకున్నారు. అప్పటి నుంచి వేలం సైట్లలో జాగ్రత్త అంటే అందరూ చెప్పేది ఇదే: పాడేవాళ్లలో దొంగ పేర్లున్నాయేమో చూసుకో, అమ్మేవాడి చరిత్ర చూసుకో, వేడిలో ధర పెంచేయకు. అక్కడ మోసపోయేది కొనేవాడు, మోసం చేసేది లేని చేయి ఎత్తడం. బాదేపల్లిలో మోసపోయేది అమ్మేవాడు, మోసం చేసేది ఉన్న చేయి ఎత్తకపోవడం. దొంగ పాటను పట్టుకోవచ్చు, ఎందుకంటే అది ఒక పని, దానికి ఆనవాలు మిగులుతుంది. పాడని పాటను ఏ పోలీసు పట్టుకుంటాడు? ఈ-నామ్‌ను కట్టినవాళ్లు ధర బయటికి పొక్కకుండా తాళాలన్నీ వేశారు. మౌనానికి తాళం వేసే ఆలోచన చేయలేదు. నాకు తెలిసినంతలో ఈ పతనానికి మూలం ఇది.

ఇంకొక లోటు డబ్బుది. మన దేశంలో 2000లో బాజీ డాట్ కామ్ అనే వేలం సైటు పుట్టింది. 2004లో దాన్ని ఈబే కొనుక్కుని ఈబే ఇండియా చేసింది. అందులో పైసాపే అనే ఏర్పాటు ఉండేది. కొన్నవాడు కట్టిన డబ్బు వెంటనే అమ్మినవాడికి పోకుండా మధ్యలో ఆగేది. పాత కెమెరా కొన్న పట్నపు కుర్రాడికి ఆ రక్షణ ఉండేది. ఆ సైటు 2017లో ఫ్లిప్‌కార్ట్ చేతికి పోయి, 2018 ఆగస్టు 14న మూతపడింది. వెయ్యి రూపాయల పాత వస్తువుకు మధ్యలో డబ్బు ఆపి కాపాడే నమూనా మన కళ్ల ముందే ఉన్నప్పుడు, లక్ష రూపాయల పల్లి కుప్పకు అదెందుకు ఉండకూడదు? పాట పాడే ముందే ఖరీదుదారు డబ్బు మూడో చేతిలో ఉంటే, సరుకు గేటు దాటే ముందే రైతు ఖాతాలో పడితే, కాంటా దగ్గర కోత పెట్టే ధైర్యం ఎవరికీ ఉండదు.

రైతుల కడుపుమంట 2024లో బయటపడింది. ఆ ఏడాది మొదట్లో నాగర్‌కర్నూల్ జిల్లా అచ్చంపేట మార్కెట్‌కు పల్లి రాశులు రాశులుగా వచ్చింది. అప్పుడు మద్దతు ధర క్వింటాకు 6,377 రూపాయలు. వ్యాపారులంతా ఒక్కటై రేటు పడగొట్టారని రైతులు మండిపడ్డారు. మార్కెట్ కార్యాలయం మీదికి పోయారు, సామాను పగలగొట్టారు, ఆ ఆవేశం మార్కెట్ ఛైర్‌పర్సన్ దాకా పోయింది. ఒక ఆడమనిషి మీదికి పోవడాన్ని నేను సమర్థించను, సమర్థించకూడదు కూడా. అయినా ఆ రోజు వాళ్లు ఎవరి మీద కోపగించుకోవాలో వాళ్లకు కనబడలేదన్నది నిజం. రుమాలు కింద వేళ్లయినా ఒక మనిషివి. తెర మీద ఒక అంకె ఉంది, దాని వెనక ముఖం లేదు. కనబడిన కిటికీని, కుర్చీని, కుర్చీలోని మనిషిని కొట్టారు. ఏప్రిల్‌లో తిరుమలగిరికి వాయవ్యాన ఉన్న జనగామ మార్కెట్లో వడ్ల వంతు వచ్చింది. ఏ గ్రేడు వడ్ల మద్దతు ధర 2,203 రూపాయలుండగా వ్యాపారులు చాలా తక్కువకు అడిగారని రైతులు ఆందోళనకు దిగారు. అక్కడి అదనపు కలెక్టర్ వ్యాపారుల మీద కేసులు పెట్టించారు, మార్కెట్ కార్యదర్శిని సస్పెండ్ చేశారు. ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి ఆ అధికారిని బహిరంగంగా మెచ్చుకున్నారు. ఒక అధికారి తన పని తాను చేసినందుకు రాష్ట్రమంతా వార్త అయిందంటే, మిగిలిన యార్డుల్లో ఏం జరుగుతోందో వేరే చెప్పాలా?

వడ్ల రైతుకు ఊళ్లోనే కొనుగోలు కేంద్రం ఉంది. ఆలస్యమో తరుగో, ఎలాగో ఒక ధర గ్యారంటీగా ఉంది. పత్తికి జిన్నింగ్ మిల్లు దగ్గర కాటన్ కార్పొరేషన్ వాళ్లు ఉంటారు. పల్లికి అంత విస్తారమైన అండ లేదు. కాబట్టి వేలం పాడైతే అందరికన్నా లోతుగా పడేది పల్లి రైతే. వడ్లు యార్డుకు రావడం తగ్గింది. పల్లి కూడా కల్లం దగ్గరికే వచ్చే దళారికి పోతోంది. "గంజ్‌కు పోతె ఖర్సు, అక్కడా గదే రేటు, గింతోటిదానికి ఎందుకు పోవాలె" అంటున్నారు. వాళ్ల లెక్కలో తప్పు లేదు. అమ్మేవాళ్లు తగ్గితే కొనేవాళ్లు ఇంకా తగ్గుతారు. కొనేవాళ్లు తగ్గినకొద్దీ మిగిలిన వేలం ఇంకా పలచబడుతుంది.

పంటలో పోగొట్టుకున్నవాడు తర్వాత ఏం అమ్ముతాడు? ట్రాక్టరు, మోటార్‌సైకిలు, పాలిచ్చే బర్రె. ఇవి అమ్మడానికి ఇప్పుడు అంగడికి పోనక్కర్లేదు, ఫొటో తీసి ఫోన్‌లో ప్రకటన పెడితే చాలు. అక్కడ రెండో గుంత ఎదురుచూస్తుంటుంది. గంటలోపే ఫోన్ వస్తుంది. నేను సైన్యంలో పనిచేస్తాను, బేరం వద్దు, నువ్వు చెప్పిన ధరకే తీసుకుంటాను, అడ్వాన్సు పంపుతున్నాను, ఈ కోడ్ స్కాన్ చెయ్ అంటుంది గొంతు. యార్డులో ఒక్కడూ పాడక నలిగిన మనిషికి, అడిగినంత ఇస్తానన్న గొంతు దేవుడి గొంతులా వినిపిస్తుంది. స్కాన్ చేస్తాడు, పిన్ కొడతాడు, ఖాతాలో ఉన్న ఆఖరి డబ్బు పోతుంది. యూపీఐలో డబ్బు తీసుకోవడానికి పిన్ ఎప్పుడూ అవసరం లేదు, పంపడానికే కావాలి. ఈ ఒక్క సంగతి రైతువేదికల్లో, కల్లాల్లో, చాయ్ హోటళ్లలో ఎన్నిసార్లు చెప్పినా ఎక్కువ కాదు. పోయిందని తెలిసిన మరుక్షణం సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి ఫోన్ చేస్తే ఆ డబ్బు ఇంకో ఖాతాలోకి దాటకముందే ఆపే అవకాశం ఉంటుంది. సిగ్గుపడి రెండు రోజులు ఇంట్లో చెప్పుకోకపోతే అది పోయినట్టే. మొదటి నష్టం సిగ్గు అనిపించలేదు, అందరికీ జరిగింది కాబట్టి. రెండోది ఒంటరిది, అందుకే చెప్పుకోరు.

గంజ్‌లో దెబ్బలు తిని తెలివిమీరిన రైతులూ ఉన్నారు. వాళ్లు చేసేవి పెద్ద విద్యలేమీ కావు. గేటు దగ్గర తమ ఫోన్ నంబరు తామే పలికి, కంప్యూటర్‌లో ఎక్కిందో లేదో చూసి లాటు చీటీ జేబులో పెట్టుకుంటారు. కాయను ఇంకో రెండు పొద్దులు ఎక్కువ ఎండబెడతారు, తేమ వంక దొరక్కుండా. సంచిలో పైన మంచి కాయ, కింద తాలు పెట్టరు, ఎందుకంటే ఒక్కడు చేసిన ఆ పనిని అడ్డంపెట్టుకుని వందమందికి కాంటా దగ్గర కోత పెడతారు. పాటకు ముందే పక్క యార్డుల్లో, కర్నూలులో, రాయచూరులో ఆ పూట ఏం పలికిందో ఫోన్‌లో కనుక్కుంటారు. తేలిన ధరకన్నా ఒక్క రూపాయి తక్కువకు తక్‌పట్టీ రాస్తే అక్కడే, సరుకు కదలకముందే, కార్యదర్శి గదికి పోతారు, ఒక్కరు కాదు, నలుగురైదుగురు కలిసి. లారీ గేటు దాటాక నోరు తెరిచి లాభం లేదని వాళ్లకు తెలుసు. అన్నిటికన్నా గట్టి పని చేసేది ఒక ఊరి సరుకంతా కలిపి తెచ్చేవాళ్లు. రైతు ఉత్పత్తిదారుల సంఘంగానో, ఊరికే మాట మీదనో ఇరవై ట్రాలీలు ఒక్కటిగా వస్తే ఆ లాటు కోసం దూరపు మిల్లు మనిషిని పంపుతుంది. అయిదో పాటగాడు వచ్చిన రోజు ఆ నలుగురి లెక్క తప్పుతుంది.

పాత నోటి పాటకు లేని బలం ఒకటి మాత్రం ఈ యంత్రానికుంది. ఎవరు, ఏ నిమిషాన, ఏ లాటుకు ఎంత పెట్టారన్నది దాంట్లో నమోదై ఉంటుంది. గాలిలో కలిసిన పాటకు సాక్ష్యం లేదు, ఈ పాటకు ఉంది. వేలంలో కుమ్మక్కు కావడాన్ని 2002 నాటి కాంపిటీషన్ చట్టం మూడో సెక్షన్ పేరుపెట్టి మరీ నిషేధిస్తోంది. అంటే చట్టమూ ఉంది, సాక్ష్యమూ ఉంది. ఆ రెండింటినీ ఒకచోటికి చేర్చాల్సిన అర్జీ రైతు సంఘాలు రాయాలి. సమాచార హక్కు చట్టం కింద బాదేపల్లి, తిరుమలగిరి, అచ్చంపేట మార్కెట్ కమిటీలను అడగాల్సింది ఇది: ఈ యాసంగిలో మీ యార్డుకు వచ్చిన ఒక్కో లాటుకు ఎందరు పాడారు, ఒక్కరే పాడిన లాట్లు ఎన్ని, ఒకే వరస కుప్పలు ఎన్ని రోజులు ఒకే ఖరీదుదారుకు పోయాయి, వేలంలో తేలిన ధరకూ తక్‌పట్టీ మీది ధరకూ తేడా ఎంత, ఆ తేడా రాసుకున్నవాళ్లెవరు.